నా స్వగ్రామము

నేను మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నప్పుడు, అనగా 1988వ సంవత్సరమున, తెలుగు పండితులుగారు ఒకనాడు నల్లబల్లపై "నా స్వగ్రామము" అని వ్రాసి, రెండు పుటలకు మించకుండ వ్యాసము వ్రాసి తెమ్మని ఆజ్ఞాపించిరి. మఱునాడు నలుబదిమంది బాలురము మా పుస్తకములను వారి బల్లపై నుంచితిమి. ముప్పదితొమ్మిది పుస్తకములలో చెఱువు, గుడి, మఱ్ఱిచెట్టు, వారపు సంత, పీరీల పండుగ, గ్రామదేవత మొదలైనవి వర్ణింపబడి యుండెను. నా పుస్తకములో శీర్షిక మాత్రమే యుండెను. పండితులుగారు దానిని చూచి కోపగించుకొనలేదు. "నీకు తెలిసిననాడు వ్రాసి యిమ్ము" అని తిరిగి నా చేతిలో పెట్టిరి. ఆ మహనీయులు ఇప్పుడు లేరు. వార్షిక సంచికకు పూర్వ విద్యార్థులు వ్యాసములు పంపవలసినదను ప్రకటనను చూచినప్పుడు ఆ బాకీ నాకు జ్ఞప్తికి వచ్చినది. ముప్పదియేండ్లు మించిన బాకీ. వడ్డీతో కూడ ఇప్పుడు తీర్చుచున్నాను.

నాడు నా పుస్తకము వట్టిదై యుండుటకు సోమరితనము కారణము కాదు. ఆ రాత్రి దీపము ముందు గంటసేపు కూర్చుండి, శీర్షిక క్రింద ఏ యూరి పేరు వ్రాయవలెనో తోచక, మా బాపమ్మను అడిగితిని. "మనది రాయికల్ గాదు బిడ్డా?" అని ఆమె నవ్వెను. ఆ పేరు వ్రాయబోతిని. కాని ఆనాటి యుదయమే తోటివాడొకడు పదిమందిలో నన్ను "బొంబాయి పోరడు" అని పిలిచియుండెను. కలము ముందుకు సాగలేదు.

మేము పద్మశాలీలము. మా పూర్వులు గోదావరికి దక్షిణముననున్న ఈ రాయికల్‌లో గుంటమగ్గములపై బట్ట నేసి బ్రదికినవారు. మిల్లుబట్ట చౌకయై, నూలు ప్రియమై, మగ్గము కూడు పెట్టకుండ పోయినప్పుడు, మా తాత నిజాం పరిపాలన చివరి సంవత్సరములలో ఎడ్లబండిపై నిజామాబాదు చేరి, మన్మాడు మీదుగా పోవు రైలెక్కి బొంబాయికి పోయెను. అట్లు పోయినవాడు ఆయన యొక్కడే కాడు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతముల నేతవారు బొంబాయి, షోలాపురము, భీవండి, సూరతు పట్టణములకు కుటుంబములతో తరలిపోయి అచ్చటనే కాపురములుండిరి. అంతకు పూర్వమే, పందొమ్మిదవ శతాబ్దమునాటికే, నిజాం రాజ్యమునుండి కూలికై వెళ్ళిన తెలుగువారు బొంబాయిలో నివసించిన పేటకు కామాఠిపురమని పేరు వచ్చియుండెను. రాళ్ళు మోసి, బాటలు వేసి, మేడలు కట్టిన ఆ కూలీలను అచ్చటివారు కామాఠీలనిరి. తరువాత పోయినవాడు నేతగాడైనను, తాపీవాడైనను, తెలుగు మాటాడినచో కామాఠీయే యయ్యెను. మా తాతకు మిల్లు హాజరుపట్టీలో ఒక పేరుండెను. ఇంటిలో ఒక పేరుండెను. వీథిలో మాత్రము ఆయన కామాఠీ.

నేను 1974లో బొంబాయిలో పుట్టితిని. లోవర్ పరేలు మిల్లుల నడుమ ఒక చాలులో, పదడుగుల గదిలో మేము తొమ్మండుగురము. పగటిపాళీవారు లేచిన చాపమీద రాత్రిపాళీవారు పండుకొనెడివారు. ఇంటిలో తెలుగు, వీథిలో హిందీ, మునిసిపలు బడిలో మరాఠీ. "బే ఏకే బే, బే దునే చార్" అని ఎక్కములు వల్లించితిని. చింతకాయను 'చించ' యనియే ఎఱుగుదును. బతుకమ్మ పండుగ వచ్చినప్పుడు మా అమ్మయు, చాలులోని తక్కిన స్త్రీలును దాదరు పూలబజారునుండి బంతిపూలు తెచ్చి పేర్చి, రెండు గోడల సందున గల చోటులో ఆడెడివారు. "తంగేడు లేని బతుకమ్మ బతుకమ్మేనా?" అని మా అమ్మ ప్రతి సంవత్సరమును అనెడిది. తంగేడన నేమో నాకు తెలియదు. పండుగకు కొఱతపడిన ఆ పూవును నేను బంగారుపూవని తలంచుచుంటిని.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంతుగారి నాయకత్వమున బొంబాయి నూలుమిల్లుల కార్మికులు సుమారు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టిరి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. మొదటి నెల మాకది సెలవు దినములవలె నుండెను. మా బాపు ఇంటిలో నుండుట మేము మునుపు చూచి యెఱుగము. ఆఱవనెలలో మా అమ్మ మెడలోని పుస్తెలు తప్ప తక్కిన బంగారము పోయెను. ఆ సమ్మె సరిగా ముగియనే లేదు, మిల్లులే ముగిసినవి. మా బాపు మమ్ము వెంటబెట్టుకొని భీవండికి పోయి, మరమగ్గముల సాలలో పండ్రెండు గంటల పాళీకి కుదిరెను. ఆ మగ్గముల చప్పుడులో మాట వినబడదు గనుక అచ్చటి తెలుగువారందఱును ఇంటిలోగూడ అఱచియే మాటాడెడివారు. 1984 మే నెలలో భీవండిలో మతకలహములు చెలరేగినవి. మా కెవ్వరును హాని చేయలేదు. కాని మా అమ్మ ఆ రాత్రులలో తలుపునకు వీపు ఆనించి కూర్చుండి తెల్లవార్చెను. కలహములు సద్దుమణగిన తరువాత ఆమె మా చెల్లెలిని చంకనెత్తుకొని, నన్ను చేతబట్టుకొని, బాపమ్మయున్న రాయికల్‌కు తీసికొనివచ్చెను.

బస్సులో కోరుట్ల దాటిన తరువాత బాటకిరువైపులను పసుపుపచ్చని పూలు గల పొదలు కనబడినవి. అవి యేమని అడిగితిని. "అవే తంగేడు పూలు" అని చెప్పి మా అమ్మ ఏడ్చెను. ఎందులకు ఏడ్చినదో నా కానాడు తెలియలేదు. పూవు నేననుకొన్నంత గొప్పది కాదని మాత్రము నాకు తోచెను.

మా బాపు 1985లో దుబాయి పోయెను. 1973లో చమురు ధరలు పెరిగినపిమ్మట ఆ దేశములలో కట్టడపు పనులు విపరీతముగ పెరిగినవి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో వర్షాధారపు సేద్యము ఫలింపక, మగ్గము నడువక యున్న యువకులకు ఆ పేరొక్కటే ఆశయై కనబడెను. పండ్రెండువేల రూపాయలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఒక ఏజెంటునకిచ్చి మా బాపు విమానమెక్కెను. ఆ నాటి నుండి మా అమ్మ చాట ఒడిలో పెట్టుకొనెను. తునికాకు నానవేసి, కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారము కట్టి, దినమునకు వేయి బీడీలు. దుబాయినుండి వచ్చు సొమ్ము మిత్తికి పోయెను. బీడీల సొమ్ము మా కడుపునకు వచ్చెను. మా యింటివంటి యిండ్లు మా వాడలో పదునాలుగుండెను.

అప్పుడు ఉత్తరము వచ్చుటకు ఇరువది దినములు పట్టెడిది. కావున వచ్చుచు పోవుచుండువారి చేత మా బాపు టేపు పంపెడివాడు. ఒక ప్రక్క తన మాటలు నింపి, రెండవ ప్రక్క మా మాటలకై వట్టిగా నుంచెడివాడు. ఇరుగుపొరుగువారి యింటినుండి రికార్డరు తెచ్చి నడుమ పెట్టుకొని అందఱము చుట్టును కూర్చుండెడివారము. మొదట పంకా తిరుగు చప్పుడు. వెనుక నెవరో దగ్గుట. అటుపిమ్మట మా బాపు గొంతు. అమ్మా బాగున్నవా యని బాపమ్మను, పిల్లలు బాగున్నరా యని మా అమ్మను, వాన పడ్డదా యని ఊరినంతటిని అడిగి, కడపట నా పేరు పిలిచి కొంచెముసేపు ఊరకుండెడివాడు. "మంచిగ చదువుకో బిడ్డా" అను నాలుగు మాటలతో టేపు ముగిసెడిది. రెండవ ప్రక్క నింపునపుడు నా వంతు వచ్చెను. అందఱు నావైపు చూచుచుండిరి. ఏమి చెప్పుటకును నోరు రాలేదు. తుదకు "బే ఏకే బే" అని మొదలుపెట్టి, పదమూడవ ఎక్కమువఱకు మరాఠీలో వల్లించితిని. మా చెల్లెలు పకపక నవ్వెను. తరువాత వచ్చిన టేపులో మా బాపు, "పదమూడు ఏడ్లకాడ తప్పినవు, మల్ల చదువు" అనెను. ఆ యొక్క మాటను ఎన్నిమార్లు వింటినో చెప్పలేను.

మా తరగతిలో నాకున్న చిక్కు ఈ యెక్కములతోనే వచ్చినది. నేను తెలుగు మాటాడగలిగియు చదువజాలనివాడను. పదియవ యేట ఓనమాలు దిద్దితిని. లెక్క చేయునపుడు పెదవులు మరాఠీలో కదలెడివి. తోటివారు అది కనిపెట్టిరి. బొంబాయిలో మమ్ము చూచి మీ యూరు వేఱనిరి; రాయికల్‌కు వచ్చిన తరువాత బొంబాయివాడవనిరి. ఇట్టివాడు "నా స్వగ్రామము" అను వ్యాసమున ఏమి వ్రాయగలడు?

మా బాపు మూడేండ్లకొకమాఱు రెండు నెలల సెలవుపై వచ్చెడివాడు. అట్టి సెలవులో, 1991వ సంవత్సరమున, నేను ఆయనను "దుబాయిలో నిన్ను ఏమని పిలుతురు?" అని అడిగితిని. "హిందీ అంటరు" అని ఆయన చెప్పెను. అరబ్బులు హిందూదేశము వారినెల్లరను హిందీ యందురు; హిందీ రాని తమిళునిగూడ. "ఏ ఊరని అడిగితె?" అంటిని. అప్పుడాయన చెప్పిన మాట నేను మఱవలేదు. మలయాళీ అడిగినచో హైదరాబాదు అని చెప్పవలెనట. హైదరాబాదువాడు అడిగినచో కరీంనగరు. కరీంనగరువాడు అడిగినచో జగిత్యాల. జగిత్యాలవాడు అడిగినచో రాయికల్. రాయికల్‌వాడే కనబడినచో సాలోళ్ల వాడ. "ఎంత దగ్గరోడు అడిగితె ఊరు అంత చిన్నగైతది బిడ్డా. ఇంటికొస్తె ఎవ్వడడుగుతడు?" అని నవ్వెను. స్వగ్రామమనగా 'ఏ యూరు' అని ఎవ్వరును అడుగని చోటని నేను ఆనాడు గ్రహించితిని. అది సగము నిజమని పదునాఱేండ్ల తరువాత తెలిసినది.

ఇచ్చట కొంచెము లోకవృత్తాంతము చెప్పెదను. తెలుగువారు పరదేశములకు పోవుట క్రొత్త సంగతి కాదు. మారిషసు ద్వీపమున చెఱకుతోటల కూలికై 1834 తరువాత పోయినవారిలో మనవారు గలరు. నేటికిని ఆ దేశమున ఉగాది సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజలు జరుగుచున్నవి. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు 1860లో మద్రాసునుండి మొదటి కూలీల ఓడ చేరినది. అచ్చటి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. బర్మాలో రంగూను రేవున సరకులు మోసిన తెలుగు కూలీలపై 1930 మే నెలలో దాడులు జరిగినవి. 1942లో జపాను సేనలు రాగా ఎన్నో వేలమంది కొండదారుల నడచి మన దేశమునకు పాఱివచ్చిరి. మలయాలో రబ్బరుతోటలకు పోయినవారి మనుమలు 1981లో కౌలాలంపూరున రెండవ ప్రపంచ తెలుగు మహాసభకు ఆతిథ్యమిచ్చిరి. వీరిలో పెక్కుమందికి భాష మఱుగుపడినది. ఐనను ఆ దేశమువారైరి, వోటు వేయుదురు, అచ్చటి మట్టిలో వారి తాతల సమాధులున్నవి.

మా ప్రాంతమువారి పరదేశవాసము అట్టిది కాదు. గల్ఫు దేశములలో ఇరువదియేండ్లు పని చేసినను కూలివానికి ఆ దేశపు పౌరసత్వము రాదు. వీసా యజమానిపేరుతో ముడిపడి యుండును. అతనిని మనవారు కఫీలందురు. పని యున్నంతవఱకే నిలువనీడ. చిత్రమేమనగా, 1966వ సంవత్సరమువఱకు దుబాయిలో మన రిజర్వుబ్యాంకు జారీచేసిన గల్ఫు రూపాయియే చెల్లుచుండెను. అప్పుడు మన నాణెము అచ్చటికి పోయెను. తరువాత మన మనుష్యులు పోయిరి. మారిషసు పోయినవానికి తిరిగివచ్చుట కల. దుబాయి పోయినవానికి తిరిగివచ్చుట చట్టము. అందుచేత మావారు అచ్చట ఇల్లు కట్టుకొనరు, చెట్టు నాటరు. ప్రాణమంతయు ఇచ్చటనే పెట్టుకొందురు. ఇచ్చట వారు లేకయే అన్నియు జరిగిపోవుచుండును.

1999లో మా బాపు పని చేయుచున్న చోట ఏడు నెలల జీతము నిలిచిపోయెను. పాసుపోర్టు యజమాని చేతిలో నుండెను. మా చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు ఇంటిమీద నుండెను. ఒకనాటి రాత్రి ఆయన ఆ శిబిరమును విడిచిపోయి, ఎవరికి దొరకిన పని వారికి చేయుచు బ్రదుక సాగెను. అట్టివారిని అచ్చటి మనవారు 'ఖల్లివల్లి' యందురు. చట్టము దృష్టిలో లేనివాడని దాని యర్థము. ఖల్లివల్లియైనవాడు పోలీసునకు వెఱచి తిరుగవలెను, రోగము వచ్చినను ఆసుపత్రికి పోజాలడు, ఇంటికి రాజాలడు. 2001లో మా బాపమ్మ మరణించెను. నేను ఫోనులో చెప్పితిని. అవతల చాలసేపు మాట లేదు. పిదప, "ఎవరు నిప్పు పట్టిండ్రు?" అని అడిగెను. "నేనే" అంటిని. "మంచిది" అని ఫోను పెట్టివేసెను. 2003లో ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, అప్పింకను తీరలేదని ఆయన రాలేదు. 2007లో మఱల క్షమాభిక్ష ప్రకటింపబడెను. ఈమాఱు నేను బ్రతిమాలితిని. నేను 1998లోనే ఉపాధ్యాయ పదవిలో చేరియుంటిని. అప్పు నేను తీర్చగలనంటిని. పాసుపోర్టు లేదు గనుక ఔట్‌పాసు అను కాగితముతో, ఒక చేతిసంచితో, మా బాపు బేగంపేట విమానాశ్రమున దిగెను. బయటికి వచ్చుచున్న ముసలివారిలో ఎవరు మా బాపో నేను వెంటనే గుర్తింపలేకపోయితిని. ఆయన నన్ను గుర్తించెను.

రాయికల్ బస్సుస్టాండున దిగిన తరువాత ఆయనను బల్లపై కూర్చుండబెట్టి, నేను ఆటో మాటాడుటకు పోయితిని. తిరిగి వచ్చుచుండగా, ఒక కుఱ్ఱవాడు, మర్యాదగనే, "పెద్దయ్యా, ఏ ఊరు మీది?" అని అడుగుట వింటిని. మా బాపు తల యెత్తి, ఇరువదిరెండేండ్ల అలవాటున, "హైదరాబాద్" అనెను. "హైదరాబాద్ బస్సు అటు దిక్కు ఆగుతది పెద్దయ్యా, ఇటు కాదు" అని ఆ బాలుడు చెప్పెను. మా బాపు నా వైపు చూచెను. ఆ చూపును నేను వర్ణింపను. ఆటోలో కూర్చున్న తరువాత ఆయన మెల్లగా, "సాలోళ్ల వాడ అనవలసింది" అనెను.

ఇల్లు ఆయన సొమ్ముతో కట్టినదే. కాని కట్టినప్పుడు ఆయన లేడు. దుబాయిలో పదునాలుగు అంతస్తుల మేడలకు ఇనుపకడ్డీలు వంచినవాడు తన యింటికొక ఇటుక యెత్తలేదు. పదునైదు దినములు దీపపు మీట ఏ గోడకున్నదో చీకటిలో తడవుకొనుచుండెను. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, ఎవరో ముందుగ పోయి పట్టుకొందురేమో యన్నట్లు, బకెట్టు నింపి మూలనుంచెడివాడు. చెప్పులను సంచిలో చుట్టి తలక్రింద పెట్టుకొని నిద్రించెడివాడు. తిన్న కంచమును తానే కడిగి బోర్లించెడివాడు. మా అమ్మ అది చూచి, "నేను బతికి ఉండంగ కంచం కడుగుతడు, సుట్టమసొంటోడు" అని నాతో చెప్పుకొని కంటనీరు పెట్టెను. ఇద్దఱును మంచివారే. కాని ఆమె ఆయన లేకుండ బ్రదుకుట ఇరువదిరెండేండ్లు నేర్చుకొనెను. ఆయన ఆమె లేకుండ బ్రదుకుట నేర్చుకొనెను. నేర్చుకొన్నదానిని మఱచుట చదువుటకంటె కష్టము. వాడలో ఆయనకు పడిన పేరు 'దుబాయి తాత'. మా తాత బొంబాయిలో కామాఠీ, మా బాపు దుబాయిలో హిందీ, సొంత వాడలో దుబాయి. మనిషి ఎచ్చట లేడో ఆ చోటి పేరే ఆతనికి అంటుకొనుచున్నది.

కొన్నినెలలకు ఇంటి ముందఱి గదిలో చిన్న కిరాణా కొట్టు పెట్టించితిని. ఒకనాటి రాత్రి ఆయన రోజు లెక్క చూచుకొనుచుండెను. నేను ప్రక్కగదిలో విద్యార్థుల పత్రములు దిద్దుచుంటిని. ఆయన పెదవుల క్రింద ఏదో గొణుగుచుండగా చెవియొగ్గితిని. నాణెములను మరాఠీలో లెక్కించుచుండెను. పండ్రెండేండ్ల బాలుడుగా బొంబాయి చేరినప్పుడు ఆయనయు ఆ చాలు ముందఱి బడిలో ఆ యెక్కములే నేర్చెనట. నేనును ఇల్లు వీడని రహస్యమువలె నేటికిని అట్లే లెక్కింతును. నా భార్యకుగూడ తెలియదు. తలుపు దగ్గఱ నిలిచి, "బాపూ, పదమూడు ఏడ్లు ఎంత?" అని అడిగితిని. ఆయన తల యెత్తకయే మరాఠీలో తొంబదియొకటి యని చెప్పి, "నువ్వు అప్పుడు తప్పినవు" అనెను. ఇద్దఱమును చాలసేపు నవ్వితిమి. మా అమ్మ వంటయింటినుండి వచ్చి ఏమని అడిగెను, చెప్పలేకపోయితిమి. ఇరువదిరెండేండ్లలో మా యిద్దఱి మధ్య చెక్కుచెదరక నిలిచినది, మాది కాని యొక భాషలోని ఎక్కము. ఆ రాత్రి నుండి ఆయన నాకు తండ్రియయ్యెను. ఆ మఱుసటి వారము చెప్పులు గుమ్మము బయట కనబడినవి.

మా బాపు 2018లో కాలధర్మము చెందెను. వాడంతయు వచ్చెను. 'దుబాయి తాత' యని కాక, తండ్రి పేరుతోగూడ ఆయన పేరు చెప్పి పిలువగల ముసలివారు ముగ్గురుండిరి. వారు ముందు నడచిరి.

సోదర విద్యార్థులారా! మీలో కొందఱు పరదేశము పోవుదురు. పోవలదని చెప్పుటకు నాకు హక్కు లేదు. మా యింటి కూడు అందుండి వచ్చినది. 2017 మొదలు 2023 వఱకు బతుకమ్మ చీరల నేత సిరిసిల్ల మరమగ్గములకు పని కల్పించినది; కాని అట్టి పని యేటేట ఉండునని నమ్మి యందఱును ఊరనే యుండజాలరు. పోవువారికి అనుభవముతో రెండు మూడు మాటలు చెప్పెదను. పదియవ తరగతి ఉత్తీర్ణులైన వారి పాసుపోర్టునకు వలసశాఖవారి అనుమతి ముద్ర అక్కఱ లేదు. ఆ పరీక్షను తేలికగా చూడకుడు. అనుమతి పొందియే పోవలసినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కలదు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో ప్రమాదమరణమునకు 10 లక్షల రూపాయల బీమా లభించును. ఏజెంటునకు ప్రభుత్వపు లైసెన్సు కలదో లేదో చూచుకొనవలెను. గల్ఫు దేశములలో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తరువు చేసినది. ఇవి మంచివే. కాని పోయినవాడు ప్రాణముతో తిరిగివచ్చినప్పుడు చేయవలసినదానికి ఏ ఉత్తరువును లేదు. అది ఊరు చేయవలసిన పని. తిరిగివచ్చినవానిని తెచ్చిన సొమ్ముతో కొలువకుడు. ఆతని పేరు పెట్టి పిలువుడు.

ఇంకొక్క సంగతి. నేను పని చేయు బడిలో నిరుడు ఇటుకబట్టీ కూలికై ఒడిశానుండి వచ్చినవారి పిల్లవాడొకడు చేరెను. తోటివారు ఆతనిని 'ఒడియా' యని పిలుచుచుండిరి. వాని పేరును నేను నల్లబల్లపై వ్రాసి అందఱిచేత చదివించితిని. తరువాత తరగతికి "నా స్వగ్రామము" అను వ్యాసము నిచ్చి, వానిని మాత్రము తన భాషలోనే వ్రాయుమంటిని. నాకు ఒడియా రాదు. కావున వానినే చదువుమంటిని. ఆతడు లేచి నిలిచి, మొదట గొంతు వణకినను, తుదివఱకు చదివెను. మాకెవ్వరికిని ఒక్క మాటయు తెలియలేదు. కాని తరగతి నిశ్శబ్దముగ వినెను. చదివి కూర్చుండినపుడు ప్రక్కవాడు జరిగి బల్లపై చోటిచ్చెను.

పండితులుగారు నాకు చేసిన మేలు ఇట్టిదే. తెలియనిదానిని కల్పించి వ్రాయుమని నన్ను నిర్బంధింపలేదు. చోటు విడిచి వేచియుండిరి. ఇప్పుడు నేను వ్రాయగలను. నా స్వగ్రామము రాయికల్. అప్పుడు కరీంనగరు జిల్లాలోనిది, 2016 అక్టోబరు 11 నుండి జగిత్యాల జిల్లాలోనిది. నేనచ్చట పుట్టలేదు. నా తొలి పలుకులు అచ్చటివి కావు. మా బాపు ఆ యూరి పేరు తప్పుగా చెప్పి సిగ్గుపడినదినమున అది నా యూరయ్యెను. చెఱువును, గుడిని, మఱ్ఱిచెట్టును గూర్చి తక్కిన ముప్పదితొమ్మండుగురు వ్రాసినది నిజము. నేనవి మఱల వ్రాయను. వర్షాకాలము చివర కోరుట్ల దారిలో తంగేడు పూయును. దానిని మాత్రము చేర్చుచున్నాను.

ఇదియే నా వ్యాసము. రెండు పుటలు మించినందులకు పండితులుగారు క్షమింతురు గాక.